బి.కాం. చదివినవారికి బ్యూటీ స్కూలు ఫీజు కోసం పెల్ గ్రాంటు వస్తుందా?

ప్రశ్న: మల్లెపందిరి, టెక్సాస్

అందరికీ నమస్కారం. మేము డాలస్ దగ్గర ఉంటున్నాము. నిరుడు మా కుటుంబానికి గ్రీన్ కార్డులు వచ్చాయి. మావారు ఒక గ్యాస్ స్టేషన్‌లో మేనేజరుగా పనిచేస్తున్నారు. ఏడాదికి 48,000 డాలర్ల వరకు వస్తుంది. మాకు ఇద్దరు పిల్లలు. నేను గుంటూరులో మూడేళ్ళ బి.కాం. పూర్తి చేసి, పెళ్ళయ్యేవరకు మా మేనత్త నడిపే పార్లర్‌లో పనిచేశాను. పెళ్ళికూతురికి పూలజడ కుట్టడం మొదలుకొని హెయిర్ కట్ దాకా అక్కడే నేర్చుకున్నాను. ఆ పని నాకు చేతనవును, ఇష్టం కూడా. అయితే ఇక్కడ లైసెన్సు లేకుండా డబ్బు తీసుకుని ఒకరి జుట్టు కత్తిరించకూడదు కాబట్టి కాస్మటాలజీ కోర్సులో చేరాలని నిశ్చయించుకున్నాను.

మా ఇంటికి పావుగంట దూరంలో ఉన్న ఒక ప్రైవేటు స్కూలుకు వెళ్ళి వచ్చాను. కోర్సు 1000 గంటలు. ఫీజు, కిట్, పుస్తకాలు అన్నీ కలిపి 17,800 డాలర్లు అన్నారు. అడ్మిషన్లు చూసే ఆవిడ నాతో ఎంతో ఆప్యాయంగా మాట్లాడి, మా ఆదాయానికి ఫెడరల్ సాయంతోనే మొత్తం సరిపోతుందని, మా చేతి నుంచి ఏమీ పెట్టనక్కరలేదని, ఆ సాయానికి పెట్టుకోవలసిన ఫాఫ్సా అనే దరఖాస్తు కూడా తామే దగ్గర కూర్చుని నింపిస్తామని చెప్పారు. వచ్చే సోమవారం కొత్త బ్యాచ్ మొదలవుతుంది కాబట్టి శుక్రవారం లోపల ఎన్‌రోల్‌మెంట్ అగ్రిమెంటు మీద సంతకం పెట్టాలట. అంత సులువుగా వచ్చే డబ్బు అంటే మావారికి నమ్మకం కుదరడం లేదు. నాకు ఆశగానూ ఉంది, భయంగానూ ఉంది. ఆ సాయంలో మేము తిరిగి కట్టవలసింది ఎంత ఉంటుంది? నా బి.కాం. దీనికేమైనా అడ్డు వస్తుందా? హెచ్4 వీసా (హెచ్1బి ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చేది) మీద ఉన్న మా తోడికోడలు కూడా నాతోపాటు చేరాలనుకుంటోంది. ఆమెకు కూడా ఈ సాయం వస్తుందా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.


జవాబు: కృష్ణాతీరం

మల్లెపందిరి గారూ, నేను తొమ్మిదేళ్ళుగా ఒక కాలేజీలో ఫైనాన్షియల్ ఎయిడ్ విభాగంలో పనిచేస్తున్నాను. మీ ప్రశ్నలాంటిది నెలకు ఒక్కసారైనా నా బల్ల ముందుకు వస్తుంది. "సాయం" అనే ఒక్క మాట కింద గ్రాంటునూ అప్పునూ కలిపి చెప్పడం వల్లనే మన వాళ్ళు ఎక్కువగా చిక్కుల్లో పడుతున్నారు. ఏ సాయం ఎంత వస్తుందో చెబుతూ స్కూలువారు ఇచ్చే అవార్డు లెటర్‌లో కూడా రెండూ ఒకదాని కింద ఒకటి వరుసగా ఉండి, అడుగున ఒకే మొత్తం కనిపిస్తుంది. ఆ మొత్తాన్ని కాకుండా ఒక్కొక్క వరుసను విడివిడిగా చదవండి.

పెల్ గ్రాంటు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చేది, తిరిగి కట్టనక్కరలేనిది. 2025–26 విద్యా సంవత్సరానికి దాని గరిష్ఠ మొత్తం 7,395 డాలర్లు. ఆ ఏడాది ఫాఫ్సాకు మీ 2023 పన్ను రిటర్నును ఆధారంగా తీసుకుంటారు. అప్పటి ఆదాయం కూడా ఇంచుమించు ఇంతే అయితే, నలుగురున్న కుటుంబానికి పూర్తి గ్రాంటు రావడానికి ఆదాయం వైపు నుంచి ఆటంకం ఉండదు. అయితే ఇది మొదటి బ్యాచిలర్ డిగ్రీ ఇంకా లేనివారి కోసం పెట్టిన గ్రాంటు. డిగ్రీ ఏ దేశంలో తీసుకున్నదైనా లెక్కలోకి వస్తుంది, అది ఇక్కడ మీకు ఉద్యోగానికి ఉపయోగపడిందా లేదా అన్నది ఎవరూ చూడరు. మీ విషయంలో ఆలోచించవలసింది ఆ డిగ్రీ మూడేళ్ళది కావడం గురించి. విదేశీ డిగ్రీ అమెరికా బ్యాచిలర్ డిగ్రీకి సమానం కాదని రాతపూర్వకమైన ఆధారం మీరు చూపగలిగితే, దాన్ని పరిశీలించి మీకు బ్యాచిలర్ డిగ్రీ లేనట్టుగా నిర్ణయించే అధికారం స్కూలు ఎయిడ్ ఆఫీసుకు ఉంది. విదేశీ సర్టిఫికెట్లను మదింపు చేసే సంస్థలు మన మూడేళ్ళ డిగ్రీలను అన్నింటినీ ఒకే విధంగా తూచవు. కాబట్టి ముందుగా మీ మార్కుల పత్రాలతో మదింపు చేయించుకుని, ఆ నివేదికతో ఎయిడ్ ఆఫీసువారిని కలవండి. అడ్మిషన్లు చూసేవారికి ఈ నిర్ణయంతో సంబంధం లేదు, వారు నోటితో చెప్పినదానికి విలువ కూడా లేదు.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. మీకు ఇప్పటికే డిగ్రీ ఉందా అని ఫాఫ్సాలో సూటిగా అడుగుతారు. "ఇండియా చదువు గురించి ఎవరు చూస్తారు, లేదని పెట్టేయండి" అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. తెలిసి తప్పుడు సమాచారం ఇస్తే 20,000 డాలర్ల వరకు జరిమానా గానీ జైలు గానీ రెండూ గానీ పడవచ్చని ఆ దరఖాస్తులోనే రాసి ఉంటుంది. దరఖాస్తు ఉచితం, స్టూడెంట్ఎయిడ్.గవ్ లో మీరే నింపుకోవచ్చు. ఖాతా మీ ఈమెయిలుతో, మీ పాస్‌వర్డుతో మీరే తెరవండి, స్కూలువారి చేతికి ఇవ్వకండి. మీరిద్దరూ పన్ను రిటర్ను ఉమ్మడిగా దాఖలు చేసి ఉంటే మీవారు వేరే ఖాతా తెరవనక్కరలేదు.

ఇప్పుడు మీ 17,800 డాలర్ల సంగతి చూద్దాం. గంటల లెక్కన నడిచే కోర్సులలో సాధారణంగా 900 గంటలను ఒక విద్యా సంవత్సరంగా పరిగణిస్తారు. పూర్తి పెల్ వచ్చే మనిషికి ఆ 900 గంటలకు 7,395, మిగిలిన 100 గంటలకు అదే నిష్పత్తిలో మరో 820 డాలర్ల వరకు వస్తాయి. అంటే అన్నీ కలిసివచ్చినా ఇంకా తొమ్మిదిన్నర వేల డాలర్లు మిగిలే ఉంటాయి, వాటికి అప్పు తీసుకోవలసిందే. అడ్మిషన్లవారు "మొత్తం సరిపోతుంది" అన్నది అప్పును కూడా కలుపుకునే. మీరు వివాహితులు కాబట్టి చట్టం దృష్టిలో స్వతంత్ర విద్యార్థి, మొదటి ఏడాది ఫెడరల్ అప్పు పరిమితి 9,500 డాలర్లు. అందులో గరిష్ఠంగా 3,500 వరకే సబ్సిడైజ్డ్ అప్పు, దాని మీద చదువుకునే కాలంలో వడ్డీని ప్రభుత్వం భరిస్తుంది. మిగిలిన దాని మీద డబ్బు విడుదలైన రోజు నుంచే వడ్డీ పెరుగుతుంది. 2025 జూలై 1న గానీ ఆ తర్వాత గానీ, 2026 జూలై 1కి ముందు మొదటి విడత విడుదలైన అప్పుకు ఆ వడ్డీ 6.39 శాతం. బి.కాం. అడ్డుపడి పెల్ రాకపోతే అప్పు మాత్రం తీసుకోవచ్చు. కానీ అప్పుడు అప్పు పరిమితి నిండిన తర్వాత కూడా ఏడెనిమిది వేల డాలర్లు చేతి నుంచి పెట్టుకోవాలి, లేదా స్కూలు చూపించే ప్రైవేటు లోనుకు ఒప్పుకోవాలి. ఆ రెండో దారి నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు.

ఇక స్కూలు సంగతి. టీడీఎల్ఆర్ అనే రాష్ట్ర లైసెన్సింగు శాఖ అనుమతి ఉంటే స్కూలు నడుపుకోవచ్చు, కానీ ఫెడరల్ డబ్బు రావాలంటే అది ఒక్కటే చాలదు. నాకాస్ వంటి గుర్తింపు పొందిన సంస్థ అక్రెడిటేషన్, దాని మీద ఫెడరల్ విద్యాశాఖతో ఒప్పందం కూడా ఉండాలి. ఫాఫ్సాలో ఆ స్కూలుకు ఫెడరల్ కోడ్ దొరుకుతుందేమో ముందే వెతకండి. నాకాస్ గుర్తింపు ఉన్న స్కూళ్ళు కోర్సు పూర్తిచేసినవారు 50 శాతం, లైసెన్సు పరీక్ష పాసైనవారు 70 శాతం, ఉద్యోగాల్లో కుదురుకున్నవారు 60 శాతం తగ్గకుండా చూపించాలి. మీ స్కూలు అంకెలు ఎంతో అడగండి, కాగితం మీద చూపించమనండి.


జవాబు: పసుపుగడప, జార్జియా

కృష్ణాతీరం గారు లెక్కలు చెప్పారు కాబట్టి నేను ఆ లెక్కల మధ్య బతికిన సంగతి చెబుతాను. మా రాష్ట్రంలో కాస్మటాలజీకి 1500 గంటలు. నేను ఒక ప్రైవేటు స్కూలులో గ్రాంటు కొంత, అప్పు కొంత తీసుకుని చదివాను. ఇప్పుడు లైసెన్సుతో పనిచేస్తున్నాను, చేరినందుకు నాకు విచారం లేదు. కానీ ఈ చదువులో డబ్బు గడియారంతో ముడిపడి ఉంటుందని చేరేముందు నాకెవరూ చెప్పలేదు.

ఏడాదికి ఇంత అని ఒకేసారి డబ్బు విడుదల చేయరు. 1500 గంటల కోర్సుకు మొదటి 450, తర్వాతి 450, ఆపైన 300, 300 గంటలుగా విడతలు ఉంటాయి. ఒక విడత గంటలు నిజంగా పూర్తయితేనే తర్వాతి విడత డబ్బు వస్తుంది. మా స్కూలు తలుపు దగ్గర గోడకు వేలిముద్ర యంత్రం ఉండేది. తొమ్మిదికి ఎనిమిది నిమిషాలు ఆలస్యమైతే మన సమయం తొమ్మిదింబావు నుంచి మొదలయ్యేది. చలికాలం పొద్దున పిల్లను డేకేర్‌లో దింపి, పార్కింగ్ లాట్ నుంచి కోటు బొత్తాలు పెట్టుకుంటూ పరుగెత్తి, ఆ యంత్రం మీద తడి వేలు పెడితే అది ముద్ర తీసుకోక మళ్ళీ మళ్ళీ తుడుచుకుని పెట్టిన రోజులు నాకింకా కళ్ళముందే ఉన్నాయి. లోపల తలబొమ్మ జుట్టుకు పర్మ్ రాడ్లు చుట్టడం నేర్పేవారు. ఆ మందు తగిలి వేళ్ళ చివర్లు పగిలేవి. ఆ పని ఎంత కష్టమైనా నాకు బాధ అనిపించలేదు. బాధ పెట్టింది పోయిన పావుగంటలే.

నాకు 410 గంటలైన సమయంలో మా పాపకు ఆపరేషను అవసరమై ఐదు వారాలు వెళ్ళలేకపోయాను. 450 నిండలేదు కాబట్టి రెండో విడత ఆగిపోయింది. డబ్బు రాలేదు కాబట్టి నా ఖాతాలో బాకీ కనిపించసాగింది, వారానికొకసారి ఆఫీసుకు పిలిచేవారు. అగ్రిమెంటులో కోర్సు ముగియవలసిన తేదీ ఒకటి రాసి ఉంటుందని, ఆ తేదీ దాటిన తర్వాత మిగిలిన ప్రతి గంటకు అదనపు రుసుము కట్టాలని అప్పుడు తెలిసింది. గంటకు 14 డాలర్ల చొప్పున 160 గంటలకు నేను కట్టిన 2,240 డాలర్లను ఏ గ్రాంటూ భరించలేదు. సంతకం పెట్టేముందు ఆ పేజీని వేలితో వెతికి చదవండి. పిల్లలున్న తల్లికి కోర్సు కాలపరిమితిలో ఎన్ని రోజుల సెలవు ఇముడుతుందో, లీవ్ ఆఫ్ ఆబ్సెన్స్ ఎలా పెట్టుకోవాలో అడగండి.

మధ్యలో మానేయడం గురించి కూడా తెలుసుకోండి. ఒక విడతలో 60 శాతం కాలం గడవకముందే మానేస్తే, ఎంత శాతం గడిచిందో అంత సాయం మాత్రమే మనం సంపాదించుకున్నట్టు లెక్క. మిగిలినదాన్ని స్కూలు ప్రభుత్వానికి తిరిగి పంపి, ఆ లోటును మన దగ్గర వసూలు చేసుకుంటుంది. నా పక్క కుర్చీలో కూర్చునే అమ్మాయి ఇలాగే మూడో నెలలో మానేసి, చదువూ లేక లైసెన్సూ లేక బాకీతో మిగిలింది. ఆమెకు ఆ నియమం ముందే తెలిసి ఉంటే ఇంకో మూడు వారాలు ఎలాగో వచ్చి ఉండేదని నేను ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

స్కూలే మూతపడితే పరిస్థితి వేరు. 2016 ఫిబ్రవరిలో మారినెల్లో అనే పెద్ద బ్యూటీ స్కూళ్ళ సంస్థకు చెందిన పలు క్యాంపస్‌లకు విద్యాశాఖ ఫెడరల్ సాయం నిలిపివేయడంతో అది తన స్కూళ్ళన్నింటినీ మూసేసింది. చదువుతూ ఉండగా గానీ, మానేసిన 180 రోజుల లోపల గానీ స్కూలు మూతపడితే ఫెడరల్ అప్పును రద్దు చేయమని అడగవచ్చు. 2022లో విద్యాశాఖ ఆ సంస్థలో చదివిన సుమారు 28,000 మందికి 23.8 కోట్ల డాలర్ల అప్పు రద్దు చేసింది. ప్రైవేటు లోనుకు ఈ రక్షణ లేదు, అందుకే దాని జోలికి పోవద్దని నేను కూడా అంటాను.


జవాబు: వేపచెట్టు, టెక్సాస్

మీ తోడికోడలి సంగతి నాకు బాగా తెలిసినది, ఎందుకంటే నేనూ ఆరేళ్ళు హెచ్4 మీద ఉన్నాను. హెచ్4 వీసాతో ఏ కోర్సులోనైనా చేరి చదువుకోవచ్చు, అందుకు వీసా మార్చుకోనక్కరలేదు. కానీ ఫెడరల్ గ్రాంటు గానీ అప్పు గానీ రాదు. వర్క్ పర్మిట్ చేతికి వచ్చినా, గ్రీన్ కార్డు దరఖాస్తు పెండింగులో ఉన్నా కూడా రాదు. పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి, శరణార్థుల వంటి మరికొన్ని వర్గాలకు మాత్రమే అర్హత ఉంటుంది. పైగా వర్క్ పర్మిట్ లేకుండా లైసెన్సు తెచ్చుకున్నా దాంతో సంపాదించడానికి వీలుండదు, కాబట్టి ఆమె సొంత డబ్బు పోసేముందు ఇది ఆలోచించుకోవాలి.

ఆమెకు ఉపయోగపడేది పన్ను వైపు ఒకటి ఉంది. లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ అనేదాని కింద చదువు ఖర్చులో మొదటి 10,000 డాలర్ల మీద 20 శాతం, అంటే 2,000 డాలర్ల వరకు పన్ను తగ్గుతుంది. డిగ్రీ కోసం చదవాలనే నియమం లేదు, ముందే డిగ్రీ ఉన్నా ఫరవాలేదు. స్కూలు మాత్రం ఫెడరల్ సాయానికి అర్హమైనది అయి ఉండాలి. ఉమ్మడి ఆదాయం 1,60,000 డాలర్లు దాటితే ఇది తగ్గుతూ వచ్చి 1,80,000 దగ్గర పూర్తిగా ఆగిపోతుంది. అయితే ఇది ఉన్న పన్నును తగ్గిస్తుందే తప్ప చేతికి డబ్బు ఇవ్వదు. మల్లెపందిరి గారూ, మీ ఆదాయం, ఇద్దరు పిల్లలకు వచ్చే పన్ను క్రెడిట్ చూస్తే మీకు తగ్గించుకోవడానికి పన్నే మిగలకపోవచ్చు. మీ మరిదిగారి జీతం ఎక్కువైతే వారికి పనికిరావచ్చు.

మీరు అడగని సంగతి ఒకటి చెబుతాను. మీ తోడికోడలు నేర్చుకోవాలనుకునేది ఐబ్రో థ్రెడింగు ఒక్కటే అయితే టెక్సాస్‌లో దానికి ఏ కోర్సూ అవసరం లేదు. ఇదివరకు దారంతో కనుబొమలు తీర్చడానికి కూడా 750 గంటల ఈస్తటీషియన్ (చర్మ సౌందర్య) శిక్షణ కావాలని రాష్ట్రం పట్టుబట్టేది. కొందరు థ్రెడర్లు కోర్టుకు వెళ్ళారు. ఆ 750 గంటల్లో 320 గంటల దాకా ఆ పనితో సంబంధమే లేనివని తేల్చి, 2015లో టెక్సాస్ సుప్రీంకోర్టు ఆ నిబంధన వారికి వర్తించదని తీర్పు చెప్పింది. నాకు ఈ తీర్పు అంటే ఎంతో గౌరవం. మా అమ్మ పంటితో దారం పట్టి చేసిన పనికి ఒక రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానం విలువ కట్టిందని అనిపిస్తుంది.

మీకు మాత్రం జుట్టు పని కావాలి కాబట్టి లైసెన్సు తప్పదు. అయితే ఆ ఒక్క ప్రైవేటు స్కూలునే చూడకండి. టెక్సాస్‌లో కొన్ని కమ్యూనిటీ కాలేజీల్లో ఇదే కాస్మటాలజీ కోర్సు ఉంది. స్థానిక నివాసులకు ఫీజు తక్కువ, పరీక్షా లైసెన్సూ ఒక్కటే. నేను అలాంటి చోటే చదివాను, అప్పు చేయలేదు. సీట్లు తక్కువ కాబట్టి సెమిస్టరు మొదలయ్యేదాకా ఆగవలసి వచ్చింది. ఆ నాలుగు నెలలు అప్పట్లో పెద్ద నష్టంగా తోచాయి.


మల్లెపందిరి

మీ ముగ్గురికీ నా హృదయపూర్వక నమస్కారాలు. నేను శుక్రవారం సంతకం పెట్టలేదు. గురువారం మావారిని వెంటబెట్టుకుని వెళ్ళి, అడ్మిషన్ల ఆవిడను కాకుండా ఎయిడ్ ఆఫీసులో ఉన్నాయనను కలిశాను. బి.కాం. అనగానే ఆయన పెన్ను కింద పెట్టి, మదింపు నివేదిక లేకుండా పెల్ సంగతి తాను చెప్పలేనని అన్నారు. అంటే "మొత్తం సరిపోతుంది" అన్న మాట నా డిగ్రీ గురించి అడగకుండానే చెప్పినదన్నమాట. అగ్రిమెంటు నకలు ఇంటికి తెచ్చుకుని చదివితే, గడువు దాటిన గంటకు 15 డాలర్లు అని పదకొండో పేజీలో ఉంది. మా తోడికోడలు వర్క్ పర్మిట్ వచ్చాక చూద్దామని తనే అంది.

మార్కుల పత్రాలు మదింపుకు పంపాను. ఫాఫ్సా నేనే నింపాను, అందులో డిగ్రీ ఉందనే పెట్టాను, అరగంట దూరంలో ఉన్న కమ్యూనిటీ కాలేజీ కోడ్ కూడా చేర్చాను. అక్కడ బ్యాచ్ జనవరిలో మొదలవుతుంది. ఇంకొక్క సందేహం మిగిలింది. కాలేజీవారు అప్పు ఇవ్వజూపితే మొత్తం తీసుకోక తప్పదా?


జవాబు: కృష్ణాతీరం

తప్పదనేమీ లేదు. చూపించిన మొత్తంలో మీకు కావలసినంతే తీసుకోవచ్చు, సబ్సిడైజ్డ్ భాగాన్ని మాత్రం ఒప్పుకుని మిగిలినదాన్ని వద్దనవచ్చు. ఒకవేళ డబ్బు విడుదలైన తర్వాత అంత అవసరం లేదనిపిస్తే, 120 రోజుల లోపల తిరిగి ఇచ్చేసిన భాగానికి వడ్డీ గానీ ముందు కోసుకున్న రుసుము గానీ పడదు. డిగ్రీ ఉందని మీరు పెట్టినది సరైన పనే. మదింపు నివేదిక మీకు అనుకూలంగా వస్తే దాన్ని కాలేజీ ఎయిడ్ ఆఫీసుకు ఇచ్చి, ఆ జవాబును ఎలా సవరించాలో వారి నిర్ణయం ప్రకారం చేయండి. నివేదిక ఎలా వచ్చినా ఇక్కడ రాయండి, అవార్డు లెటర్ వచ్చాక అందులోని వరుసలు కలిసి చూద్దాం.